ఫల్గుణను గెలిచిన ఉల్లికోడు

1986 ఖరీఫ్‌లో శ్రీకాకుళం జిల్లా వరి చేలల్లో ఎవరూ ఊహించనిది జరిగింది. ఉల్లికోడును తట్టుకుంటుందన్న భరోసాతో వేసిన ఫల్గుణ రకానికే ఉల్లికోడు పట్టింది. విత్తనం కల్తీ అయిందా, వేరే రకం కలిసిందా అన్న అనుమానాలు అలాంటప్పుడు ఎవరికైనా ముందుగా వస్తాయి. తేడా విత్తనంలో లేదు. ఉల్లికోడు తెచ్చే ఈగలో వచ్చింది.

ఉల్లికోడు బాధ తెలియని వరి రైతు ఉత్తరాంధ్రలో ఉండడు. ఉభాలు (నాట్లు) పూర్తయి చేను పిలకలు వేస్తున్న రోజుల్లో దుబ్బులో ఒకటో రెండో పిలకలు ఆకు విప్పవు. ఉల్లికాడలా గుండ్రంగా, లోపల బోలుగా, వెండి మెరుపుతో ఒక గొట్టం పైకి వస్తుంది. ఆ పిలక ఇక వెన్ను వేయదు. దాన్ని మొదలంటా లాగి గోటితో చీలిస్తే అడుగున మొవ్వు ఉండాల్సిన చోట చిన్న పురుగు కనిపిస్తుంది. కొంచెం ముదిరిన గొట్టమైతే కొనకు దగ్గరలో సూదితో పొడిచినట్టు ఒక రంధ్రం, అందులో సగం బయటికి వేలాడుతూ పలచటి కోశం పొర ఉంటాయి. ఈగ ఎగిరిపోయిందనడానికి అదే గుర్తు.

దోమంత ఉండే ఆ ఎర్రటి ఈగ రాత్రిపూట ఆకుల మీద గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్లపురుగు బయటికి వచ్చి ఆకు తొడిమల సందుల్లోంచి కిందికి పాకుతుంది. ఆ ప్రయాణానికి దానికి తడి కావాలి. అందుకే ముసురు పట్టిన రోజులు దానికి పండగ. మొవ్వు చేరాక అది వరిని కొరికి నమిలి తినదు. మొక్క చేతే తనకో ఇల్లు కట్టించుకుంటుంది. దాని లాలాజలం తగిలాక పిలక ఎదుగుదల దారి తప్పుతుంది. ఆకు కావలసినది గొట్టమవుతుంది, మొక్క తయారుచేసుకున్న పోషకాలు పురుగు వైపు మళ్లుతాయి. మూడు వారాలు తిరిగేసరికి కొత్త ఈగ బయటికొస్తుంది. గొట్టం కంటపడ్డాక మందు కొట్టి లాభం లేకపోవడానికి కారణం ఇదే. పురుగు లోపల భద్రంగా ఉంటుంది, నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

అందుకే ఈ పురుగు విషయంలో శాస్త్రవేత్తలు మొదటి నుంచీ మందుల కంటే విత్తనాన్నే ఎక్కువగా నమ్మారు. ఈ ప్రయత్నంలో ముందు నడిచింది వరంగల్. మన నేల మీదే పుట్టిన ఈశ్వరకొర అనే నాటు వరిని ఎంటీయూ-15తో సంకరం చేసి డబ్ల్యూ-1263 అనే వంగడాన్ని తీశారు. ఉల్లికోడు ఆటకట్టించే గుణం దానికి ఈశ్వరకొర నుంచే వచ్చింది. ఐఆర్-8 లాంటి పొట్టి రకాలు, వాటితో పాటు ఎరువులు, గుబురు దుబ్బులు వచ్చాక ఉల్లికోడు ఇంకా పెద్ద సమస్యయింది. అప్పుడు థాయ్‌లాండ్ రకం సయాం-29ని ఐఆర్-8తో కలిపి ఫల్గుణను తీశారు. సురేఖ కూడా ఆ రెండింటి సంతానమే.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఫల్గుణ వద్దనుకున్న రైతు సురేఖ వేస్తే రకం మార్చానని అనుకుంటాడు. అందులో తప్పేమీ లేదు. గింజ వేరు, పేరు వేరు. కానీ రెండింటినీ ఉల్లికోడు నుంచి కాపాడేది సయాం-29 ఇచ్చిన ఒకే ఒక్క జన్యువు. శాస్త్రవేత్తలు దానికి జీఎం-2 అని పేరు పెట్టారు. ఇది ఉల్లికోడు ఆంగ్ల నామంలోని పొడి అక్షరాల నుంచి వచ్చిన పేరు, జన్యుమార్పిడి పంటలతో దీనికి సంబంధం లేదు. పురుగు లెక్కలో ఫల్గుణ చేను, సురేఖ చేను ఒకే చేను.

ఆ జన్యువు చేసే పని ఆశ్చర్యంగా ఉంటుంది. తట్టుకునే రకంలో ఈగ గుడ్డు పెట్టడం ఆగదు, పురుగు పాకడమూ ఆగదు. అది మొవ్వు దాకా వస్తుంది, నోరు పెడుతుంది. అప్పుడు మొక్క దాన్ని గుర్తుపడుతుంది. పురుగు చుట్టూ ఉన్న కణాలు గోధుమ రంగుకు తిరిగి తమంతట తామే చచ్చిపోతాయి. తిండి దొరక్క పురుగు కొద్ది రోజుల్లోనే పోతుంది. ఒంట్లో కాస్త భాగాన్ని వదులుకుని మిగతా ఒంటిని దక్కించుకునే ఈ తెగింపు ఫల్గుణది. ఈశ్వరకొర పద్ధతి వేరు. అందులో ఆ గోధుమ మచ్చ కూడా కనిపించదు, అయినా పురుగు బతకదు. ఒకే శత్రువు మీద వరి జాతి రెండు వేర్వేరు యుద్ధాలు నేర్చుకుందన్నమాట.

ఇంత పకడ్బందీ రక్షణ 1986లో ఎలా చెదిరింది? మొక్క పురుగును గుర్తుపట్టాలంటే పురుగులో గుర్తుపట్టదగినది ఏదో ఒకటి ఉండాలి. దాన్ని కోల్పోయిన ఈగకు ఫల్గుణ మామూలు వరే. అవిసెకు వచ్చే తుప్పు తెగులు మీద పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త ఫ్లోర్ 1940లలోనే ఈ సూత్రం చెప్పాడు. పంటలో రక్షణనిచ్చే ప్రతి జన్యువుకూ తెగులు వైపు జోడీ జన్యువు ఒకటి ఉంటుంది. అది మారితే పంటకున్న రక్షణ పోతుంది. గోధుమను పట్టే హెస్సియన్ ఈగ ఉల్లికోడు ఈగ కుటుంబానిదే. అందులోనూ ఇదే జరుగుతోందని 1970లో తేలింది.

మన ఈగకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ఫల్గుణను ఓడించే గుణం దాని లింగ క్రోమోజోము మీద ఉంటుందని తర్వాతి పరిశోధనల్లో బయటపడింది. ఆడ ఈగకు ఆ గుణం పని చేయాలంటే రెండు ప్రతులు కావాలి. మగ ఈగకు తల్లి ఇచ్చిన ఒక్క ప్రతి చాలు. అరుదుగా ఉన్న గుణం చేనులో పైకి తేలడానికి ఇది దగ్గరి దారి. దానికి తోడు ఊరి చుట్టూ ఒకే జన్యువున్న వరి ఉంటే, పాత ఈగలు చచ్చిపోయి ఈ కొత్తవే సంతతిని పెంచుకుంటాయి.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలనాలయంలో కీటక శాస్త్రవేత్తలుగా ఉన్న బెంటూర్, శ్రీనివాసన్, కలోడే ఈ కొత్త ఈగ సంగతిని 1987లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పత్రికలో ప్రకటించారు. వరంగల్ డబ్ల్యూ-1263 కూడా, ఫల్గుణ కూడా దీని ముందు నిలవలేదు. దేశంలోని ఉల్లికోడు తెగల పట్టికలో ఇది నాలుగోదిగా చేరింది. కటక్‌ది రెండో తెగ, రాంచీది మూడోది, కేరళలోని మంకొంబుది ఐదోది. నాలుగో తెగకు ఉనికి పట్టుగా పరిశోధన పత్రాల్లో పడిన పేర్లు శ్రీకాకుళం, విజయనగరం.

ఈ రెండు జిల్లాల సాగు తీరు కూడా ఈగకు కలిసొచ్చేదే. వంశధార, నాగావళి కాలువల కింద నీళ్లు అందే భూములు పోను, మిగతావన్నీ ఆకాశం వైపు చూసేవే. జూన్ వానకు ఎదలు వేసినవాళ్లు బాగుపడతారు. ఆకుమడి పోసి చెరువు నిండేదాకా ఆగినవాళ్లకు ఉభాలు ఆగస్టు చివరికో సెప్టెంబరుకో జరుగుతాయి. అప్పటికి ఈగ ముందు వేసిన చేలల్లో ఒకటి రెండు తరాలు పెరిగి ఉంటుంది. లేత పిలకలు, ముసురు, కొత్త ఈగలు మూడూ ఒక్కసారే కలుస్తాయి. వాన ఆలస్యం కావడమంటే ఎండబాధ ఒక్కటే అనుకుంటాం గానీ, అది పురుగుకు తేదీ ఖరారు చేయడం కూడా.

ఆ తర్వాత కథ వేగంగా సాగింది. 1994లో ఢిల్లీలోని అంతర్జాతీయ జన్యు ఇంజనీరింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు జీఎం-2 ఉన్న చోటును డీఎన్‌ఏ గుర్తులతో పట్టుకున్నారు. దాంతో మొక్కలో ఏ జన్యువుందో పురుగును వదలకుండానే తెలుసుకునే వీలు కలిగింది. అభయ రకంలో జీఎం-4, అగన్ని అనే నాటు వరిలో జీఎం-8 దొరికాయి. ఇప్పుడు పదికి పైగా జన్యువులు తెలుసు. రాజేంద్రనగర్‌లో వాటిని రెండేసి చొప్పున ఒకే వంగడంలోకి చేరుస్తున్నారు. ఈగ ఒకేసారి రెండు గుణాలు మార్చుకోవడం చాలా అరుదు కాబట్టి అలాంటి రకం ఎక్కువ కాలం నిలుస్తుంది. నా దృష్టిలో శ్రీకాకుళం రైతు నష్టపోయి దేశానికి నేర్పిన విద్య ఇదే. పోరు మాత్రం ముగియలేదు. ఈశ్వరకొరతో పోరాటం మొదలుపెట్టిన వరంగల్‌లోనూ తర్వాత నాలుగో తెగను మించిన ఈగ పుట్టుకొచ్చింది.

ఇలా ఈగ మారినప్పుడల్లా కావలసిన కొత్త జన్యువులు ప్రయోగశాలలో పుట్టవు. అవి నాటు వరుల్లోనే ఉంటాయి. 1936 వరకు మన పాత విశాఖపట్నం జిల్లాలోనే ఉన్న జయపురం కొండ సీమలో 1955–59 మధ్య చేసిన సర్వేలో 1,700కు పైగా వరి రకాలు సేకరించారు. ఆ కొండల అంచునే ఉన్న మన మన్యం ఊళ్లలో ఇంకా కొన్ని నాటు విత్తనాలు గాదెల్లో మిగిలి ఉన్నాయి.

అవి మీ ఇంట్లో ఉంటే పారేయకండి, ఏటా ఒక మడిలోనైనా వేయండి. విత్తనం కొనేటప్పుడు ఉల్లికోడును తట్టుకుంటుందా అని అడిగి ఊరుకోకుండా, పక్క రైతు వేసిన రకానికీ దీనికీ రక్షణ ఒకటేనా అని కూడా అడగండి. తట్టుకునే రకమని వేసిన చేనులో వెండి గొట్టం కనిపిస్తే దుబ్బుతో సహా పెరికి రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానానికి చేర్చండి.