'మే గుస్తా'కి ఇంగ్లీషు వీసా ఎందుకు?

ఉప్పల్లోనో నాచారంలోనో ఉండి స్పానిష్ నేర్చుకోవాలనుకునే సాఫ్ట్‌వేర్ జనానికి తార్నాకలోనే ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పెట్టిన సంస్థ అది. 1972లో విదేశీ భాషలు కూడా పేరులో చేరి సీఫెల్ అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. పేరులో వరస చూడండి: ముందు ఇంగ్లీషు, తర్వాతే మిగతావి. మన బుర్రల్లోనూ అదే వరస!

'మే గుస్తా' సంగతే తీసుకోండి. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని 'ఐ లైక్' అని చెప్పేసి, వెంటనే "జాగ్రత్త, ఇక్కడ వాక్యం తలకిందులు" అని హెచ్చరిస్తాయి. ఇష్టపడే మనిషి కర్త కాదట, నచ్చిన వస్తువే కర్తట. అరె, మనకి ఇందులో కొత్తేముంది?

మే గుస్తో ఎల్ లిబ్రో: నాకు పుస్తకం నచ్చింది.
మే గుస్తారోన్ లోస్ లిబ్రోస్: నాకు పుస్తకాలు నచ్చాయి.

'మే' అంటే నాకు. క్రియ పుస్తకాన్ని బట్టి మారుతుంది, నన్ను బట్టి కాదు. తెలుగులో అచ్చం ఇంతే.

ఇంతకీ ఈ క్రియ కథేంటంటే, లాటిన్లో 'గుస్తారే' అంటే రుచి చూడటం. పాత స్పానిష్‌లో నచ్చడానికి 'ప్లాసేర్' అనే వేరే క్రియ వాడేవారు. తర్వాత గుస్తార్ రుచి నుంచి ఇష్టానికి జరిగింది. మొదట్లో 'నేను' కర్తగా 'యో గుస్తో దే' అనడం ఎక్కువ, పోనుపోనూ 'మే గుస్తా' గెలిచింది.

ఇంగ్లీషు సరిగ్గా ఎదురు దారి పట్టింది. వెయ్యేళ్ళ కిందట అక్కడా 'నాకు నచ్చును' పద్ధతే. షేక్స్‌పియర్ నాటకాల్లో కూడా ఆ వాడుక మిగిలుంది. తర్వాత 'నేను' ముందుకొచ్చి కర్త కుర్చీలో కూర్చుంది. అంటే తలకిందులైంది స్పానిష్ కాదు, ఇంగ్లీషన్నమాట.

తమాషా ఏంటంటే, స్పానిష్‌కి దూరపు చుట్టం ఇంగ్లీషే. తెలుగుకి ఏ చుట్టరికమూ లేదు. అన్నిచోట్లా ఇలా కుదురుతుందనీ అనను. 'నాకు ఆకలేస్తోంది' అనడానికి వాళ్ళు 'నేను ఆకలి కలిగి ఉన్నాను' అన్నట్టు 'తెంగో ఆంబ్రే' అంటారు. కానీ 'నాకు తలనొప్పి' దగ్గర 'మే దుయేలె లా కబేసా' అని మళ్ళీ మన దారికే వస్తారు.

నా బాధల్లా ఒకటే. కొత్త భాష నేర్చుకునేటప్పుడు మన భాషని గుమ్మం బయటే చెప్పులతో పాటు వదిలేస్తున్నాం. లోపల ఇంగ్లీషు తడబడుతున్నచోట, జవాబు తెలిసింది ఆ బయటున్నదానికే. నోట్‌బుక్కులో 'మే గుస్తా' పక్కన 'నాకు నచ్చుతుంది' అని తెలుగులో రాసుకోండి. మధ్యలో వీసా అవసరం లేదు!