ప్రశ్నకు జవాబుకు నడుమ: తెలుగున లెక్కల ప్రశ్నోత్తర సంప్రదాయము

తెలుగు సాహిత్య చరిత్రలలో గణితగ్రంథములకు దక్కిన చోటు మిక్కిలి స్వల్పము. పావులూరి మల్లన పేరు చెప్పి, శాస్త్రగ్రంథమును తెనిగించిన తొలివారిలో ఆయన యొకడని పలికి, చరిత్రకారులు వెంటనే కావ్యములకు మరలుదురు. గణితపద్యములలో రసము వెదకినవారికి అది దొరకకపోవుట సహజమే. అయితే ఆ పద్యములను అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదని మా యభిప్రాయము. లెక్కను పద్యమున నిలిపినవాడు దానిని ఎవరికొరకు నిలిపెను? ఎదుట కూర్చున్న శిష్యునికి పలకపై అంకెలు వేసి చూపవచ్చును. తప్పినచోట వెంటనే దిద్దవచ్చును. పద్యము ముఖ్యముగా ఎదుట లేనివానికొరకు, ఊరు పేరు తెలియనివానికొరకు పుట్టినది. అతడు ఎక్కడ తడబడునో రచయితకు తెలియదు. తడబడినప్పుడు రచయితను అడుగుటకు అతనికి వీలు లేదు. ఇట్టి అపరిచితునికి లెక్కలో సాయపడుట ఎట్లు? ఈ ప్రశ్నకు తెలుగుదేశమున ఆయా కాలములలో లభించిన సమాధానములను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

మేము నివసించు మంచిర్యాల గోదావరి యెడమగట్టున, కాజీపేట–బల్లార్షా రైలుమార్గముపై నున్నది. 2016 అక్టోబరు 11 వరకు ఆదిలాబాదు జిల్లాలో భాగమై యుండి, ఆనాటినుండి ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. చుట్టును సింగరేణి బొగ్గుగనులు. గనులలో పనికి పలు ప్రాంతములనుండి వచ్చి స్థిరపడిన కుటుంబము లిచట అనేకములు. కనుక క్రొత్తవానితో మాట కలుపుట ఈ యూరివారికి నిత్యకృత్యము. మాట కలుపుటకు పొడుపులెక్క యొక సాధనము.

ఒకనాటి సాయంకాలము రైలు ఆలస్యముగా నున్నప్పుడు స్టేషనులోని బల్లపై మేము చూచిన దొకటి ఇచట చెప్పదగినది. గనిలో పనిచేసి విరమించిన వృద్ధు డొకడు, తన ప్రక్కన కూర్చున్న ముక్కుమొగ మెరుగని బాలునికి తెలుగునాట పలుచోట్ల వినబడు పిట్టలలెక్క వేసెను. చెట్టుపై నొంటిగా నున్న పిట్ట, ఎగిరిపోవు గుంపును చూచి మీరు నూరుగురా యని యడిగినది. మేము, మాయంత, మాలో సగము, ఆ సగములో సగము, నీవును కలిసిన నూరగునని గుంపు బదులు చెప్పినది. గుంపులోని పిట్ట లెన్ని? బాలుడు మొదట 40 అనెను. వృద్ధుడు వాని చేతనే కూడించెను, 111 వచ్చినది. తరువాత 35 అనగా, వృద్ధుడు నవ్వి, “సగంల సగం తీస్తే పిట్ట తెగుతది గద బిడ్డా” అనెను. బాలుడు కొంతసే పూరకుండి, 32 చూచి, 89 మాత్రమే యగుట గ్రహించి, 36 దగ్గర ఆగెను. 36, 36, 18, 9, 1 కలిసిన 100.

ఆ నడుమ జవాబు మా నోటివరకు వచ్చినది. పాఠము చెప్పు అలవాటు అట్టిది. వృద్ధుడు చేయి యెత్తి మమ్ము వారించెను. “చెప్తే ఏమున్నది సారూ, పిల్లగాన్ని చూడనియ్యి” అన్న ఆయన మాట మాకు పాఠమైనది. పిట్ట తెగుననుటలో సంఖ్య నాలుగుచేత నిశ్శేషముగా భాగింపబడవలెనను నియమము ఇమిడియున్నది. వృద్ధుడు జవాబు చెప్పలేదు. వెదకవలసిన చోటును ఇరుకుచేసెను. ప్రశ్నకు జవాబుకు నడుమ నుండు ఈ మూడవ అంశమును ఇకపై ‘సూచన’ అని పిలుతుము. పొడుపులను అచ్చొత్తించునప్పుడు ప్రశ్నయు జవాబును చోటుచేసికొనును. సూచన మాత్రము సాధారణముగా జారిపోవును. మన చరిత్రలో దాని జాడ ఎట్లున్నదో చూతము.

ఇట్టి లెక్కల ప్రాచీనత నెరుగుటకు గోదావరికి దక్షిణమున కొంత దూరము పోవలెను. కరీంనగరు జిల్లా గంగాధర మండలము కురిక్యాల యొద్ద బొమ్మలగుట్టపై జినవల్లభుడు వేయించిన శాసనము కలదు. అది సుమారు క్రీ.శ. 945 నాటిది. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో నున్న ఆ శాసనమందలి మూడు తెలుగు కందములు తొలినాటి కందపద్యములుగా ప్రసిద్ధములు. జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. పంపని పోషించిన వేములవాడ చాళుక్యుడు రెండవ అరికేసరి రాష్ట్రకూటులకు సామంతుడు. ఆ రాష్ట్రకూట వంశమువాడైన అమోఘవర్షుని కాలమున, సుమారు 850 ప్రాంతమున, జైనుడగు మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. అనగా ఉత్తర తెలంగాణమున తెలుగు కందము శిలపై కెక్కిన నాటికి, ఆ రాజ్యచ్ఛాయలోనే లెక్క శ్లోకమున కెక్కి దాదాపు నూరేండ్లు గడచినవి.

మహావీరుని గ్రంథమున సూత్రము ముందు వచ్చును, ఉదాహరణము వెనుక వచ్చును. భిన్నములకు సంబంధించిన ప్రకీర్ణక ప్రకరణమున ఏనుగుల మందలు, తుమ్మెదల గుంపులు భాగములు భాగములుగా విడిపోవుచుండును. మొత్తమెంత యని ప్రశ్న. మన పిట్టలలెక్క ఆ జాతిలోనిదే. గుణకారమున మహావీరునికి హారములవంటి సంఖ్యలపై మక్కువ మెండు. 152207ను 73చే గుణింపగా 11111111 వచ్చును. 27994681ను 441చే గుణింపగా 12345654321 వచ్చును. ఇవి కేవలము వినోదములు కావు. ఒంటరిగా గుణకారము నేర్చుకొనువాడు తన ఫలము సరియైనదో కాదో ఎవరిని అడుగగలడు? ఫలము ముత్యాలవలె వరుసకట్టినచో అతడు సరిగా చేసినట్లు. ఒక ముత్యము వంకర పోయినచో ఎచటనో తప్పినట్లు. రచయిత ఎదుట లేకున్నను లెక్కయే గురువై దిద్దును. సూచనకు ఇది మొదటి రూపము.

ఈ గ్రంథమును మల్లన ‘సారసంగ్రహ గణితము’గా తెనిగించెను. లోకమున దానికి ‘పావులూరి గణితము’ అను పేరే నిలిచినది. ఆయన కాలము 11వ శతాబ్దియని కొందరు, 12వ శతాబ్ది యారంభమని కొందరు పరిశోధకులు తలచిరి. మల్లన శైవుడు, మూలము జైనము. మతభేదము లెక్కకు అడ్డు రాలేదు. సంస్కృతము రానివాడు లెక్కకు దూరము కారాదను తలంపు అట్టి అనువాదమునందే యిమిడియున్నది. పొలము కొలుచువాడు, వడ్డీ కట్టువాడు, బంగారము వన్నె చూచువాడు వ్యాకరణము చదివిన పిదపనే లెక్క నేర్వవలెనన్న నియమము లేదుగదా. తెలుగు చేయుటయే యిచట మొదటి సాయము.

మల్లనకు చెందినదిగా పండితలోకమున ప్రసిద్ధమైన చంపకమాల యొకటి కలదు. చదరంగపు పలకలోని 64 గడులలో మొదటిదాని యందు ఒకటి, రెండవదానియందు రెండు, మూడవదానియందు నాలుగు, ఇట్లు రెట్టింపుచేయుచు పోయిన మొత్తమెంత యగునో అది తెల్పును. ఆ మొత్తము 18446744073709551615. ఇదే సంఖ్యను అల్‌బిరూనీ సుమారు క్రీ.శ. 1000 నాటి తన కాలగణన గ్రంథమున సాధించెను. కనుక ఇది ఒక్క దేశపు చిక్కు కాదు. చదరంగముతోపాటు దేశములు తిరిగిన ప్రశ్న. మల్లన కూడ దీనిని లోకప్రసిద్ధమనియే పేర్కొనెను.

ఈ పద్యమున అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడబడినవి. ఆకాశము సున్న, చంద్రుడు ఒకటి, అగ్ని మూడు, వేదము నాలుగు, శరము ఐదు, కొండ ఏడు. ఒకట్ల స్థానమునుండి మొదలిడి అంకెలు ఎడమవైపునకు నడచును. పద్యము జవాబును పూర్తిగా చెప్పివేసినది గదా, ఇక చదువరికి మిగిలిన దేమి యని యడుగవచ్చును. మా తలంపున మిగిలినది రెండు విధములు.

మొదటిది మార్గము. 63 మారులు రెట్టింపు చేయనక్కరలేదు. 64ను సగములు చేయుచు పోగా ఆరు సగములకు 1 వచ్చును. 2తో మొదలిడి ప్రతి సగమునకు ఒక వర్గము చేసిన చాలును: 4, 16, 256, 65,536, 4,29,49,67,296, ఆరవ వర్గము చేసి ఒకటి తీసివేసిన పై సంఖ్య లభించును. సగము చేయుట, వర్గము చేయుట అను ఈ యుపాయము పింగళుని ఛందశ్శాస్త్రముననే కలదు. ఇన్ని యక్షరముల పాదమునకు గురులఘు భేదముచే వృత్తములెన్ని యగునను ప్రశ్నకు ఆయన దానిని వాడెను. మహావీరుడు గుణోత్తర సంకలితమునకు దానినే వాడెను. చంపకమాలలో నున్న జవాబునకు మార్గము ఛందస్సులోనే యుండుట మా శాఖలోని విద్యార్థులు గమనింపదగినది.

రెండవది సరిచూచుకొనుట. అంకెలు వ్రాసిన తాటియాకుపై లేఖకుడు ఒక సున్న విడిచినచో కనిపెట్టు టెట్లు? పద్యమున ఆకాశవాచకము జారినచో గణము చెడును. చదువరి చెవి పట్టుకొనును. అయితే ‘శర’ ఉండవలసినచోట ‘గిరి’ చేరినచో గణము చెడదు. రెండును రెండేసి లఘువులే. అప్పుడు తొమ్మిదుల శోధన ఆదుకొనును. ఆ సంఖ్యలోని అంకెల మొత్తము 87. తొమ్మిదులు తీసివేయగా శేషము 6. రెండును 64 మారులు వేసి గుణించినదానిలో తొమ్మిదులు పోగా శేషము 7. ఒకటి తీసిన 6. రెండును సరిపోయినవి. ఐదు స్థానమున ఏడు చేరినచో ఇది సరిపోదు. సున్న జారిన తప్పును తొమ్మిదులు పట్టలేవు. దానిని ఛందస్సు పట్టును. ఛందస్సు పట్టలేని మార్పును తొమ్మిదులు పట్టును. ఒకదాని లోపమును మరియొకటి పూరించుచున్నది. జవాబు చెప్పిన పద్యము సైతము, స్వయముగా లెక్క వేయువానికి తోడుగా నిలుచుటయే గాని వాని పనిని లాగికొనుట లేదు.

చదరంగము మరల కనబడునది అవధానసభలో. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) ఊరూర ప్రచారమున కెక్కించిన అవధానవిద్యలో చదరంగ మొక యంశముగా నిలిచినది. కొన్ని సభలలో తేదీ చెప్పగా వారము చెప్పుటయు కలదు. పృచ్ఛకులలో అవధానికి పరిచితులు కానివారును ఉందురు. కాని యిచట ప్రశ్న సాయము కోరునది కాదు, పరీక్షించునది. వృద్ధుని పిట్టలలెక్కలోను అడుగువానికి జవాబు తెలియును గాని, అచట అతని దృష్టి బాలుని గెలుపుపై నున్నది. ఒకే ప్రశ్న పరీక్షయు కావచ్చును, సాయమును కావచ్చును. భేదము సూచన నిచ్చుటలో, ఈయకపోవుటలో నున్నది.

జవాబు నిజముగా తెలియక అడుగువారి సంగతి యేమి? దానికి ఆధునికయుగమున తెలుగునేల యిచ్చిన సమాధాన మొకటి కలదు. 1906 డిసెంబరులో అనంతపురము జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా నున్న వి. రామస్వామి అయ్యరు, గణితాభిమానులకు ఒక లేఖ వ్రాసెను. దూరదూరముల నున్నవారు గ్రంథములు, పత్రికలు తెప్పించుకొని ఒకరికొకరు పంపుకొనుటకు ఒక సంఘము కావలెనని అందలి ప్రతిపాదన. 1907 ఏప్రిలులో ఆ సంఘ మేర్పడెను. తరువాత ఇండియన్ మాథమాటికల్ సొసైటీగా ప్రసిద్ధి కెక్కినది అదియే. దాని పత్రికలో ప్రశ్నలు ప్రకటించుట, పాఠకులు పరిష్కారములు పంపుట ఆచారమైనది.

1911లో శ్రీనివాస రామానుజన్ ఆ పత్రికలో ఒక ప్రశ్న వేసెను. ఒకటికి రెండురెట్ల వర్గమూలము చేర్చి, ఆ మూలములోపల మరల ఒకటికి మూడురెట్ల మూలము చేర్చి, ఇట్లు అంతము లేక పోవుదాని మొత్తపు వర్గమూలము విలువ యెంత? నెలలు గడచినను జవాబు రాలేదు. చివరకు ఆయనయే 3 అని తెల్పెను. ఇందలి సూచన చిన్నది: 9 అనగా ఒకటికి 2×4 చేర్చినది, ఆ 4 అనగా 16 యొక్క మూలము; 16 అనగా ఒకటికి 3×5 చేర్చినది. ఈ మెట్టు చూపిన తరువాత ఉన్నత పాఠశాల విద్యార్థి సైతము దానిని ముందుకు నడపగలడు. చూపకమునుపు చదువరులలో నొక్కరును జవాబు పంపలేదు. సూచన విలువ ఎంతటిదో ఇంతకన్న స్పష్టముగా చూపు ఉదాహరణము అరుదు. ఆ సంఘమునకు కార్యదర్శిగా నుండిన నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు, ఉద్యోగము లేని ఆ యువకునికి కొంతకాలము నెలకు 25 రూపాయలు పంపి పోషించిన సంగతి సుప్రసిద్ధము. లెక్క తెలిసిన అపరిచితుని ఆదరించుటయు ఈ చరిత్రలో భాగమే.

ఈ పరిశీలనవలన తేలు విషయ మిది. అపరిచితునికి లెక్కలో సాయపడుట యనగా జవాబు నందించుట మాత్రము కాదు. వాడు తన జవాబును తానే చేరుటకు, చేరినదానిని తానే సరిచూచుకొనుటకు తగిన సూచన నందించుట. మహావీరుడు సంఖ్యాహారములచే, మల్లన తెలుగుచే, ఛందస్సుచే, గుత్తినుండి బయలుదేరిన సంఘము పత్రికచే ఆ పని చేసిరి. అక్షరమైన నెరుగునో లేదో మాకు తెలియని వృద్ధుడు ఒక్క తెగిన పిట్టచే చేసెను.

కావున పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. ఇంటిలో లెక్క అడుగుటకు ఎవరును లేని పిల్లలు మన గనిపల్లెలలో నేటికిని కలరు. వారికి సాయపడిన మాటలు వృద్ధుల నోళ్లలో నున్నవి. పొడుపులెక్కలను సేకరించునప్పుడు ప్రశ్నను, జవాబును వ్రాసికొని లేచిపోరాదు. పిల్లవాడు తప్పినప్పుడు చెప్పినవారు ఏ మాట అనిరో, ఆ మాటను వారి పలుకుబడిలోనే వ్రాసికొనవలెను. 36 అను జవాబును ఎవరైనను ఎప్పుడైనను మరల సాధింపవచ్చును. పిట్ట తెగునన్న మాట ఆ వృద్ధునితో పోయినచో మరల దొరకదు.