నెరెవార్ మరణం: దేవుళ్లయిన మర్త్యుల కథలను ఎలా చదవాలి?

ఫలానా మనిషి దేవుడయ్యాడని ఒక పాత గ్రంథం చెబితే చరిత్రకారుడు ముందుగా రెండు విషయాలు విచారిస్తాడు. ఆ మాట ఎవరన్నారు? దానివల్ల ఎవరికి లాభం కలిగింది? ఈ పద్ధతిని మనం ఒక కంప్యూటర్ ఆట సాయంతో పరిశీలిద్దాం.

అమెరికాలోని బెథెస్డా సంస్థ 1994లో 'ది ఎల్డర్ స్క్రోల్స్' అనే ఆటల వరుసను ప్రారంభించింది. అందులో మూడవదైన 'మారోవిండ్' 2002లో వచ్చింది. ఆ ఆటలోని ఊళ్లలో, ఇళ్లలో ఎన్నో పుస్తకాలు కనిపిస్తాయి. వాటిని తెరిచి చదవవచ్చు. అయితే అవి ఒకదానితో ఒకటి పొసగవు. రచయితలు కావాలనే అలా రాశారు.

మారోవిండ్ ప్రజలు కొలిచే వివెక్, అల్మలెక్సియా, సోథా సిల్ ఒకప్పుడు మామూలు మర్త్యులే. నెరెవార్ అనే సేనానికి వారు ఆంతరంగికులు. అల్మలెక్సియా అతని భార్య కూడా. ఎర్రకొండ దగ్గర జరిగిన యుద్ధం తరువాత, ఆ కొండ కింద ఉన్న ఒక దేవుని గుండె నుంచి శక్తిని తీసే పనిముట్లు వారికి దక్కాయి. ముగ్గురూ దేవుళ్లయ్యారు. నెరెవార్ మాత్రం బతకలేదు.

అతడు ఎలా చనిపోయాడు? యుద్ధంలో తగిలిన గాయాలతో పోయాడని, ఆ పనిముట్లను వాడబోమని తమచేత ప్రమాణం చేయించాడని, తరువాత తాము మాట తప్పామని వివెక్ అంటాడు. బూడిద నేలల్లో తిరిగే సంచార తెగలవారు మాత్రం ఆ ముగ్గురే అతణ్ణి చంపారంటారు.

ఇక్కడ అభిమానులు చేసిన పని గమనించండి. వివెక్ పేరుతో ఆటలో 36 పాఠాల గ్రంథం ఒకటి ఉంది. నిజానికి దాన్ని రాసింది మైకేల్ కిర్క్‌బ్రైడ్. పైకి చూస్తే అందులో వివెక్ పుట్టకముందు నుంచే దివ్యుడు. అయితే చివరి పాఠంలోని పేరాల మొదటి అక్షరాలను కలిపి చదివితే 'ఘోర హత్య' అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు వస్తాయి. 29వ పాఠంలోని సంఖ్యల ప్రకారం ఒక్కో పాఠం నుంచి ఒక్కో మాట ఏరితే, తాను దేవుడిగా పుట్టలేదని, దైవత్వాన్ని దొంగిలించి నెరెవార్‌ను చంపానని వివెక్ ఒప్పుకోలు బయటపడుతుంది! తనకు కీడు చేసే మాటను తానే చెప్పినవాడి సాక్ష్యానికి బరువెక్కువ. అందుకే చాలామంది దీన్నే నమ్ముతారు.

మరో వాదం కూడా ఉంది. లోకమంతా ఒక దేవుని కల అని, అది తెలిసీ తన ఉనికిని నిలుపుకున్నవాడు ఆ కలనే మార్చగలడని, గతాన్ని కూడా తిరిగి రాయగలడని, కనుక రెండు కథనాలూ నిజమేనని కొందరంటారు. అద్వైతం గురించి విన్నవారికి ఇందులో మొదటి సగం కొత్తగా ఉండదు. కానీ అన్నీ నిజమే అన్నాక ఇక విచారించేదేముంది? చనిపోయినవాడి తరఫున అడిగేవారే ఉండరు.

అసలు చరిత్రలోనూ ఇలాంటి ఘట్టాలున్నాయి. క్రీ.పూ. 44 మార్చి 15న జూలియస్ సీజర్ హత్యకు గురయ్యాడు. ఆ జులైలో అతని దత్తపుత్రుడు ఆక్టేవియన్ జరిపించిన ఉత్సవ క్రీడల వేళ ఆకాశంలో తోకచుక్క కనిపించింది. అది సీజర్ ఆత్మేనని జనం అనుకున్నారు. క్రీ.పూ. 42లో సెనేట్ సీజర్‌ను దేవుడిగా ప్రకటించింది. దాంతో ఆక్టేవియన్ 'దేవుని కుమారుడు' అయ్యాడు. అధికారం కోసం ఆంటోనీతో పోటీ పడుతున్న యువకుడికి ఆ బిరుదు ఎంత పనికొచ్చి ఉంటుందో ఊహించండి. అగస్టస్ అయ్యాక అతడు ఆ తోకచుక్కను నాణేలపై ముద్రింపజేశాడు.

2011లో వచ్చిన 'స్కైరిమ్' ఆటలోనూ ఒక సామ్రాజ్య స్థాపకుడు, టైబర్ సెప్టిమ్, మరణానంతరం తాలోస్ అనే దేవుడయ్యాడంటారు. ఎల్ఫ్‌లతో కుదిరిన ఒడంబడిక ఆ పూజను నిషేధించింది. టైబర్ ఒక్కడు కాడని, ముగ్గురు కలిసి ఆ దేవుడయ్యారని అభిమానులు వాదిస్తారు. అందుకు వారు ఆటల్లోని ఒక గ్రంథాన్ని ఆధారంగా చూపుతారు. ఆ గ్రంథానికి రచయితగా పేరున్న వ్యక్తి టైబర్ చేతిలో మోసపోయినవాడు.