లినక్స్‌లో వైర్‌లెస్ డ్రైవర్ సమస్యలు

లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్ వైఫై కార్డును గుర్తించకపోవడం, గుర్తించినా నెట్‌వర్క్‌లు చూపించకపోవడం, కనెక్షన్ మాటిమాటికీ తెగిపోవడం వంటి ఇబ్బందులను వైర్‌లెస్ డ్రైవర్ సమస్యలంటారు. కొత్తవారు అన్నిటికీ డ్రైవరే కారణమనుకుంటారు గానీ, లోపం ఫర్మ్‌వేర్‌లోనో రేడియో స్విచ్‌లోనో కూడా ఉండొచ్చు. అది ఎక్కడుందో తేలాకే ఏం ఇన్‌స్టాల్ చేయాలో తెలుస్తుంది.

డ్రైవర్, ఫర్మ్‌వేర్

లినక్స్‌లో చాలా వైఫై డ్రైవర్లు సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌తో పాటే మాడ్యూళ్లుగా వస్తాయి. ఇంటెల్ కార్డులను నడిపే ఐడబ్ల్యూఎల్‌వైఫై అలాంటిదే. ఫర్మ్‌వేర్ చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్. డ్రైవర్ దాన్ని డిస్క్ నుంచి తీసి చిప్‌లోకి ఎక్కిస్తుంది. ఆ ఫైలు లేకపోతే డ్రైవర్ ఉన్నా కార్డు పనిచేయదు. చాలా ఫర్మ్‌వేర్‌లకు సోర్స్ కోడ్ దొరకదు కాబట్టి డెబియన్ చాలాకాలం వాటిని అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చలేదు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి చేరుస్తోంది.

లోపాన్ని గుర్తించడం

టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే’ అని ఇస్తే కార్డు పేరు, దాని పక్కన చదరపు బ్రాకెట్లలో గుర్తింపు సంఖ్య కనిపిస్తాయి. అందులో మొదటి నాలుగు అక్షరాలు తయారీ సంస్థవి: ఇంటెల్‌కు 8086, రియల్‌టెక్‌కు 10ఈసీ, బ్రాడ్‌కామ్‌కు 14ఈ4. కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస లేకపోతే కార్డుకు డ్రైవర్ తగులుకోలేదని అర్థం. ఆ వరుస ఉండీ వైఫై రాకపోతే, కెర్నల్ సందేశాలు చూపే ‘డీఎంఈఎస్‌జీ’ కమాండ్ ఇచ్చి చూడాలి. ఫర్మ్‌వేర్ దొరక్కపోతే ఆ ఫైలు పేరు అక్కడే రాసి ఉంటుంది.

రేడియో ఆగిపోయిందేమో ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ చెబుతుంది. సాఫ్ట్ బ్లాక్‌ను ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ తొలగిస్తుంది. హార్డ్ బ్లాక్‌కు కమాండ్ పనిచేయదు. ల్యాప్‌టాప్ పక్కనున్న స్విచ్చో, వైఫై కీయో నొక్కాలి.

బ్రాడ్‌కామ్ చిప్‌లు

కొత్తవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి ఇవే. సంస్థ వివరాలు ఇవ్వకపోవడంతో ఒక బృందం చిప్ పనితీరును పరిశోధించి రాసిపెట్టగా, మరో బృందం ఆ వివరాలతో డ్రైవర్ రాసింది. అది 2006లో 2.6.17 కెర్నల్‌లో చేరింది. తర్వాత దాని స్థానంలో బీ43 వచ్చింది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ కొన్ని చిప్‌లకు తానే ఓపెన్ సోర్స్ డ్రైవర్ విడుదల చేసింది. 14ఈ4:4365 సంఖ్య గల బీసీఎం43142 వంటివాటికి మాత్రం సంస్థ ఇచ్చే, సోర్స్ పూర్తిగా తెరవని ‘డబ్ల్యూఎల్’ డ్రైవరే దిక్కు. ఉబుంటులో దాన్ని ‘అడిషనల్ డ్రైవర్స్’ నుంచి పెట్టుకోవచ్చు. వైఫై రావడానికి డ్రైవర్ కావాలి, డ్రైవర్ దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఈ చిక్కు తీరుతుంది.

సెక్యూర్ బూట్, కెర్నల్ మార్పులు

ఇలా బయటి నుంచి తెచ్చిన మాడ్యూల్‌కు నమ్మదగిన సంతకం లేకపోతే, సెక్యూర్ బూట్ (బూట్‌లో సంతకాలను సరిచూసే రక్షణ) ఆన్‌లో ఉన్న యంత్రాల్లో కెర్నల్ దాన్ని ఎక్కించుకోదు. అప్పుడు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టిన పాస్‌వర్డ్‌ను రీబూట్‌లో వచ్చే నీలిరంగు తెరపై ఇచ్చి ‘ఎన్‌రోల్ మోక్’ (సంతకపు కీ నమోదు) పూర్తిచేయాలి. కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను మళ్లీ తయారుచేసే పని డీకేఎంఎస్‌ది. కెర్నల్ హెడర్లు లేకపోతే అది ఆగిపోతుంది. అప్‌డేట్ తర్వాత వైఫై పోవడానికి తరచూ కనిపించే కారణాల్లో ఇదొకటి.

కొత్త కార్డులకు కొత్త కెర్నలే మందు. రియల్‌టెక్ ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్ 5.2 కెర్నల్‌లో, ఆర్‌టీడబ్ల్యూ89 డ్రైవర్ 5.16లో చేరాయి. అంతకంటే పాత కెర్నల్‌లో ఆ కార్డులకు డ్రైవర్ విడిగా తెచ్చుకోవాల్సిందే. ఏ దారీ లేనప్పుడు యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఉంది. ఏఆర్9271 చిప్‌తో వచ్చేవాటికి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, ఫర్మ్‌వేర్ సోర్స్ కూడా అందుబాటులో ఉంది.