దేహంలోని సహజ రేడియోధార్మికత: సుల్తాన్ బజార్ నుంచి మౌలాలి దాకా

హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగి, రెసిడెన్సీ బజార్లుగా పేరుపొంది, 1933లో తిరిగి నిజాం ఏలుబడిలోకి వచ్చిన సుల్తాన్ బజార్ ప్రాంతానికి తెలుగు విజ్ఞాన చరిత్రలో విశిష్ట స్థానముంది. అక్కడి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో వెలసింది. దానికి అండగా నిలిచిన కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు గాడిచర్ల హరిసర్వోత్తమరావుతో కలిసి 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, ప్రకృతి శాస్త్రాలను తెలుగులో బోధించవచ్చునని నిరూపించారు. ఆ ఏళ్లలోనే కేంబ్రిడ్జిలో నార్మన్ క్యాంప్‌బెల్, అలెగ్జాండర్ వుడ్ అనే శాస్త్రజ్ఞులు పొటాషియం లవణాలు తమంతట తామే కిరణాలను వెలువరిస్తాయని గుర్తించారు. పొటాషియం లేని జీవకణం లేదు కనుక, మనిషి దేహం కూడా రేడియోధార్మికమేనన్న నిర్ణయానికి ఆ పరిశోధన దారి తీసింది.

డెబ్బై కిలోల పురుషుని దేహంలో సుమారు 140 గ్రాముల పొటాషియం, అధికభాగం కండరాలలో, ఉంటుంది. అందులో 0.0117 శాతమే పొటాషియం-40 అనే రేడియోధార్మిక రూపం. అయినా దానివల్ల సెకనుకు 4,000కు పైగా పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. సెకనుకొక విచ్ఛిన్నాన్ని ఒక బెకరెల్ అంటారు. ఆహారంలో పొటాషియం ఎక్కువైతే మూత్రపిండాలు దానిని విసర్జిస్తాయి కాబట్టి ఈ లెక్క తిండిని బట్టి పెద్దగా మారదు. కండరాలు తగ్గే వృద్ధాప్యంలో మాత్రం తగ్గుతుంది. కార్బన్-14 నుంచి మరో మూడు వేలకు పైగా బెకరెల్‌లు వస్తాయి గాని, దాని బలహీన కిరణాలు చర్మం దాటి రావు గనుక దేహంలోని కార్బన్ పరిమాణాన్ని బట్టి దానిని గణించవలసిందే.

పొటాషియం-40 వెలువరించే గామా కిరణాలు దేహం దాటి వస్తాయి కాబట్టి, 1950ల నుంచి స్టాక్‌హోమ్, లీడ్స్, లాస్ అలమోస్‌లలో పూర్ణదేహ గణక యంత్రాలు రూపొందాయి. మందమైన ఉక్కు గోడల గదిలో మనిషిని పడుకోబెట్టి, కిరణం తగిలినప్పుడల్లా మెరిసే సోడియం అయొడైడ్ స్ఫటికంతో ఆ మెరుపులను లెక్కించే పద్ధతి వాటిలో ప్రధానమైనది. అణు పరీక్షల ధూళి సోకని 1945కు పూర్వపు ఉక్కును ఈ గదులకు వెతికి తెచ్చేవారు. గాలిలోని రేడాన్ వాయువు శేషాలు బట్టలకు అంటి లెక్కను పెంచకుండా, పరీక్షకు ముందు స్నానం చేయించి ఉతికిన దుస్తులు ఇచ్చేవారు.

యురేనియం తీరు వేరు. తాగే నీటినీ, తినే తిండినీ బట్టి దేహంలో దాని మోతాదు మారుతుంది గనుక ఎక్కడి ప్రమాణాన్ని అక్కడే నిర్ణయించాలి. అందుకు మూత్ర పరీక్ష ముఖ్య సాధనం. హైదరాబాద్ విషయానికి వస్తే, ఆ నగరం నిలిచిన గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. పొటాషియం-40 సగానికి తగ్గే కాలం, అంటే అర్ధాయువు, 125 కోట్ల ఏళ్లు కనుక, ఆ రాయి పుట్టిననాడు అందులో ఆ రూపం నేటికి దాదాపు నాలుగు రెట్లుండేది. గ్రానైట్‌లో యురేనియం, థోరియం కూడా ఇతర శిలలకన్నా సాధారణంగా ఎక్కువే. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం నిక్షేపాలున్నాయి.

హైదరాబాద్ నేలమీదనే 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను అయ్యగారి సాంబశివరావు నెలకొల్పారు. 1971లో మౌలాలి దగ్గర అణు ఇంధన సముదాయం ఏర్పడింది. యురేనియం ఖనిజాన్ని అన్వేషించే అణు ఖనిజాల విభాగం ప్రధాన కార్యాలయం 1974లో ఢిల్లీ నుంచి ఇక్కడికి తరలివచ్చింది. యురేనియంతో పనిచేసే కార్మికుని మూత్రంలో ఆ లోహం కనిపించినప్పుడు, అది కర్మాగారం నుంచి చేరిందా, బావి నీటి నుంచి వచ్చిందా అని తేల్చగలిగేది ఆ ప్రాంతపు సామాన్యుల సహజ ప్రమాణం తెలిసినప్పుడే. అది తెలియకపోతే నిజమైన హాని మరుగున పడవచ్చు, లేని హాని భయపెట్టనూవచ్చు. అందువల్ల ఈ కొలతలు ప్రయోగశాలల దస్త్రాలకే పరిమితం కాకూడదు. విజ్ఞాన చంద్రికా మండలి ఆశయం ప్రకారం, కార్మికుని కుటుంబం చదివి గ్రహించగల తెలుగులో ప్రజలకు అందడం న్యాయం.