గ్రేసీ నెక్లెస్: పూల షాపు ఓనర్ పార్టీని లేపింది, సీఎం కుర్చీ మాత్రం దక్కలేదు

నెక్లెస్ రోడ్ అంటే మనకి హుస్సేన్ సాగర్ గుర్తొస్తుంది కదా. కెనడాలో వాంకూవర్‌లో కూడా ఒక నెక్లెస్ ఉంది. లయన్స్ గేట్ అని 1938లో కట్టిన పెద్ద వేలాడే బ్రిడ్జి. రాత్రిపూట దాని తీగల వెంబడి లైట్లు వెలుగుతాయి. మీ ఫ్రెండ్స్ ఎవరైనా అక్కడ చదువుకుంటుంటే వాళ్ల రీల్స్‌లో చూసే ఉంటారు. ఊరివాళ్లు ఆ లైట్లని ముద్దుగా 'గ్రేసీ నెక్లెస్' అంటారు.

ఎవరీ గ్రేసీ? ఈ ఎపిసోడ్ మొత్తం ఆవిడ గురించే.

పేరు గ్రేస్ మెకార్తీ. 1927లో వాంకూవర్‌లోనే పుట్టింది. స్కూల్ అయిపోయిన కొత్తలోనే, ఇంకా ఇరవై కూడా నిండకుండానే ఒక పూల షాపు పెట్టింది. తర్వాత అవి ఐదు షాపులయ్యాయి. పూల వ్యాపారం చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ చాలా కష్టం. ఈరోజు సరుకు రేపటికి వాడిపోతుంది. పెళ్లికైనా చావుకైనా టైముకి అందాల్సిందే. ఎవరింట్లో ఏం జరుగుతోందో షాపువాళ్లకి తెలిసి ఉండాలి. ఈ అలవాటు గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

1960లో ఆవిడ వాంకూవర్ పార్క్ బోర్డుకి ఎన్నికైంది. అవును, అక్కడ పార్కులు చూసుకునే బోర్డుకి కూడా జనం ఓట్లేసి ఎన్నుకుంటారు. 1966లో బ్రిటిష్ కొలంబియా అసెంబ్లీకి వెళ్లింది. అక్కడ ప్రావిన్స్ అంటే మన రాష్ట్రం లాంటిది, ప్రీమియర్ అంటే ముఖ్యమంత్రి అనుకోండి. ఆవిడ పార్టీ పేరు సోషల్ క్రెడిట్. ఆ పార్టీ ప్రీమియర్ డబ్ల్యూ.ఏ.సీ. బెనెట్ 1952 నుంచి వరసగా 20 ఏళ్లు కుర్చీ దిగలేదు.

1972లో దిగాల్సి వచ్చింది. 55 సీట్లలో పార్టీకి మిగిలినవి 10. గ్రేస్ కూడా ఓడిపోయింది. అప్పుడు అందరూ ఏమనుకుంటారు? 'పార్టీ పనైపోయింది' అనుకుంటారు. షాపులున్నాయి, హాయిగా వ్యాపారం చూసుకోవచ్చు. కానీ ఆవిడ పార్టీ ప్రెసిడెంట్ బాధ్యత తీసుకుని ప్రావిన్స్ అంతా తిరిగింది. ఊరూరా మీటింగులు పెట్టి మెంబర్లని చేర్పించింది. వేలల్లో ఉన్న సభ్యత్వం పదుల వేలకి పెరిగింది. సోషల్ మీడియా లేదు, వాట్సాప్ గ్రూప్ లేదు. మనిషిని కలవాలి, పేరు రాసుకోవాలి, మళ్లీ ఫోన్ చేయాలి. పూల షాపులో చేసిన పనే ఇక్కడా చేసింది.

1975 డిసెంబర్‌లో పార్టీ మళ్లీ గెలిచింది. ప్రీమియర్ అయింది పాత ప్రీమియర్ కొడుకు బిల్ బెనెట్. గ్రేస్ డిప్యూటీ ప్రీమియర్ అయింది. కెనడాలో ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ ఆవిడే.

ఇక్కడిదాకా వింటే ఇదేదో పొగడ్తల ఎపిసోడ్ అనుకుంటారు. కాదు. ఆవిడ సంక్షేమ శాఖ మంత్రిగా ఉన్న కాలంలో ప్రభుత్వం ఆదివాసీ కుటుంబాల నుంచి పిల్లల్ని తీసుకెళ్లి వేరేవాళ్ల ఇళ్లలో పెంచేది. 1980 అక్టోబర్‌లో స్ప్లాట్‌సిన్ తెగ చీఫ్ వేన్ క్రిస్టియన్ జనాన్ని వెంటబెట్టుకుని వాంకూవర్‌లో ఆవిడ ఇంటి దగ్గరికే వచ్చాడు. చిన్నప్పుడు ఆయన్ని కూడా అలాగే తీసుకెళ్లి వేరేవాళ్ల దగ్గర పెంచారు. 'మా పిల్లల సంగతి మేమే చూసుకుంటాం' అన్నది వాళ్ల డిమాండ్. చివరికి ఆవిడ ఆయనతో కూర్చుని, ఆ తెగ హక్కుని గౌరవిస్తామని ఒప్పందం మీద సంతకం పెట్టింది. జనం గడపదాకా వస్తే గానీ కదల్లేదు, అది నిజం. వచ్చాక సంతకం పెట్టింది, అదీ నిజం. మళ్లీ 1983లో ప్రభుత్వం ఖర్చులు కోసేసినప్పుడు అదే శాఖలో కుటుంబాలకి అందే సేవలూ పోయాయి.

ఇక లైట్ల కథ. 1986లో వాంకూవర్‌లో ఎక్స్‌పో 86 అనే ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఆ బ్రిడ్జి కట్టించింది బీరుకి పేరున్న గిన్నెస్ కుటుంబం. గ్రేస్ వాళ్లని అడిగి ఒప్పించింది, వాళ్లు లైట్లని ఊరికి కానుకగా ఇచ్చారు. మనవాళ్లు రోజూ ఎక్కే స్కైట్రైన్ కోసం గట్టిగా పనిచేసినవాళ్లలో కూడా ఆవిడ ఉంది.

అదే ఏడాది బిల్ బెనెట్ తప్పుకున్నాడు. విస్లర్‌లో పార్టీ సభ జరిగింది, 12 మంది పోటీ. పార్టీని మళ్లీ నిలబెట్టిన మనిషికే కుర్చీ అనుకుంటాం కదా? గెలిచింది బిల్ వాండర్ జామ్. తమాషా ఏంటంటే ఆయనదీ మొక్కల నర్సరీ వ్యాపారమే!

ఆయన కేబినెట్‌లో ఆవిడ మంత్రిగా చేరింది. కానీ తన పనిలో ప్రీమియర్ ఆఫీసు వేలు పెడుతోందని చెప్పి 1988 జూలైలో రాజీనామా చేసి బయటికొచ్చింది. 1991లో తన ఫాంటసీ గార్డెన్స్ అమ్మకం గొడవలో వాండర్ జామ్ దిగిపోయాడు. మళ్లీ పోటీ. ఈసారి ఎదురుగా రీటా జాన్‌స్టన్. ఆవిడా వ్యాపారం నుంచి వచ్చిన మహిళే, సర్రేలో ట్రైలర్ ఇళ్ల పార్క్ నడిపింది. కాకపోతే చివరిదాకా వాండర్ జామ్ కేబినెట్‌లోనే ఉంది. చివరి లెక్క 941, 881. గ్రేస్ 60 ఓట్లతో ఓడిపోయింది. కెనడాలో మొదటి మహిళా ప్రీమియర్ అన్న పేరు అప్పటికే రీటాకి దక్కింది.

మహిళ కాబట్టే రానివ్వలేదు అని నేను సింపుల్‌గా చెప్పేయొచ్చు, థంబ్‌నెయిల్ కూడా బావుంటుంది. కానీ గెలిచింది కూడా మహిళే కదా. నాకనిపించేది, ఆ 60 ఓట్లు 1988 రాజీనామాకి కట్టిన ధర. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు కూడా ఇదే చూశాను. రాత్రులు కూర్చుని ప్రాజెక్ట్ నిలబెట్టిన వాళ్లని అందరూ మెచ్చుకుంటారు. వాళ్లే ఒక మీటింగ్‌లో 'ఇది తప్పు' అంటే మాత్రం తర్వాతి ప్రమోషన్ లిస్ట్‌లో పేరుండదు.

తర్వాత ఏమైందో చూడండి. 1991 అక్టోబర్ ఎన్నికల్లో 75 సీట్లలో పార్టీకి వచ్చినవి 7. కుప్పకూలిన తర్వాత, 1993లో, నాయకత్వం గ్రేస్‌కి ఇచ్చారు. 1994 ఫిబ్రవరిలో మట్స్‌క్వీ ఉప ఎన్నికలో నిలబడి 42 ఓట్లతో ఓడిపోయింది. 1996 ఎన్నికల్లో పార్టీకి ఒక్క సీటూ రాలేదు.

అప్పటికి ఆవిడ వేరే పనిలో ఉంది. పేగు, లివర్ జబ్బులున్న పిల్లల వైద్య పరిశోధన కోసం ఒక ఫౌండేషన్ పెట్టి, మళ్లీ మనిషి మనిషినీ అడిగి డబ్బు పోగుచేసింది. 2017 మేలో, 89 ఏళ్ల వయసులో చనిపోయింది.

ఆ రెండు ఓటముల్లో తేడా కలిపితే 102 ఓట్లు. పదుల వేల మందిని పార్టీలో చేర్చిన మనిషికి తక్కువైనవి అవే. మీ ఆఫీసులోనో కాలేజీలోనో ఇలాంటి గ్రేసీ ఎవరైనా ఉన్నారా? కామెంట్‌లో రాయండి. వీలైతే ముందు వాళ్లకి చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.