క్యూటీ కొలత: వందేళ్ల తంటా
గుండె కింది గదులు విద్యుత్ ప్రేరణ అందుకుని మళ్లీ యథాస్థితికి రావడానికి పట్టే కాలమే ఈసీజీలోని క్యూటీ. గుండె వేగం పెరిగితే ఇది కుదించుకుపోతుంది. అందుకే 1920లో బాజెట్ అనే శాస్త్రవేత్త వర్గమూలంతో, డెన్మార్క్ వైద్యుడు ఫ్రిడెరిషియా ఘనమూలంతో సవరణ సూత్రాలిచ్చారు. లోపాలున్నా బాజెట్‌దే నేటికీ ఎక్కువ వాడుక.

గుండె కండరమంతా ఒకే తీరున తేరుకోకపోతే లయ తప్పే ముప్పుంది. దాన్ని పసిగట్టేందుకు 1990లో బ్రిటన్ వైద్యులు కొందరు వేర్వేరు లీడ్లలోని (గుండెను ఒక్కో కోణం నుంచి చూపే ఈసీజీ గీతల్లోని) అతి పొడవైన క్యూటీ నుంచి అతి పొట్టిదాన్ని తీసివేసి చూశారు. స్కేలు, కాగితం ఉంటే చాలు కాబట్టి ఈ 'డిస్పర్షన్' మీద పరిశోధనలు వెల్లువెత్తాయి. అంత సులువుగా దొరికిన కొలతను కాస్త అనుమానించి ఉండాల్సింది. క్యూటీకి ముగింపైన టీ తరంగం తోక అడుగు గీతలో ఎక్కడ కలిసిపోతుందో ఇద్దరు వైద్యులకు ఒకేచోట కనిపించదు. ఈసీజీ కాగితంపై చిన్న గడి 40 మిల్లీసెకన్లు. వెతికే తేడాలూ ఇంచుమించు అంతే.

1997లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో బెర్గర్ బృందం దారి మార్చింది. లీడ్ల మధ్య కాక, ఒక స్పందనకూ మరో స్పందనకూ మధ్య తేడాను పట్టుకుంది. ఒక నమూనా స్పందనను మనిషి గుర్తిస్తే, కంప్యూటర్ దాని టీ భాగాన్ని సాగదీసో కుదించో మిగతా స్పందనలకు సరిపెడుతుంది. అలా తేలిన చంచలతను గుండె వేగపు చంచలతతో భాగించి లాగరిథమ్ తీస్తారు. ఆరోగ్యవంతుల్లో ఈ సూచిక రుణాత్మకంగా ఉంటుంది. గుండె సాగి బలహీనపడినవారిలో సున్నా వైపు జరుగుతుంది. అయినా, లయ తప్పితే షాక్‌తో సరిదిద్దే ఐసీడీ పరికరాన్ని అమర్చే నిర్ణయంలో వైద్యులు ప్రధానంగా చూసేది ఇప్పటికీ ఎడమ జఠరిక (కింది గది) పంపింగ్ సామర్థ్యాన్నే.